ఖాళీ స్లాటే పొదుపు

చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎక్కడని అడిగితే సికింద్రాబాద్‌లోనే కొందరు తెల్లమొహం వేస్తారు. సీటీసీ అంటే మాత్రం పార్క్‌లేన్‌లో ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, ముంబయికి లామింగ్టన్ రోడ్డు, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు ఎలాగో, విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ కూర్చుకోవాలనుకునే మనవాళ్లకు సీటీసీ అలాగ. ఇంజినీరింగ్ సీటొచ్చిన కొడుకును వెంటబెట్టుకొచ్చిన తండ్రి, వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు, ఊళ్లో ఆన్‌లైన్ సెంటర్ పెట్టబోతున్న పెద్దమనిషి... ఎవరొచ్చినా కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న ఒకటే.

"బడ్జెట్ ఎంత సార్?"

"నలభై... మహా అయితే నలభై అయిదు."

రెండు నిమిషాల్లో కోటేషన్ చేతిలో పడుతుంది. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, బోర్డు, 450 వాట్ల ఎస్ఎంపీఎస్, రంగురంగుల ఆర్జీబీ లైట్ల క్యాబినెట్. కింద గీత గీసి మొత్తం.

అందులో అబద్ధమేమీ ఉండదు. అయినా ఆ కాగితం చూసి ఏం కొంటున్నామో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఐ5 అనే పేరు 2009 నుంచీ నడుస్తోంది. దాని పక్కన ఉండే నంబరులోనే అసలు సంగతంతా ఉంది. 3470 అంటే 2012 నాటి మూడో తరం. 12400 అంటే 2022లో వచ్చిన పన్నెండో తరం. రెండూ ఐ5లే.

'ఐ7, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ - కారుచౌక!' అని ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనల కిటుకు కూడా ఇదే. ఆ ఐ7 చాలాసార్లు 2011లో వచ్చిన 2600 అయి ఉంటుంది. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కానీ ఒక్కో కోర్ చేసే పనిలో ఈ ఐ3 ఆ ఐ7 కంటే దాదాపు రెట్టింపు చురుకు. పైగా పాతదానికి హెచ్61 బోర్డు, డీడీఆర్3 ర్యామ్ అంటగడతారు. రేపు మార్చుకుందామంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిసి చెత్తబుట్టలోకే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ అయినా ఉండాలి. అంతకంటే పాతది 'కొత్త సిస్టమ్' పేరుతో కొనకండి.

డబ్బు తక్కువున్నప్పుడు ముందు చేయాల్సింది వస్తువులను రెండు కుప్పలుగా విడదీయడం. ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు... ఇవి ఎప్పుడైనా పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, పెంచుకోవచ్చు. బోర్డు, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్... వీటిని మార్చాలంటే సిస్టమ్ అంతా విప్పాలి. మార్కెట్లో జరిగేది దీనికి తలకిందులు. మొదటి కుప్పలోని అంకెలు పెద్దవి చేసి చూపించి, ఆ ఖర్చును రెండో కుప్పలో 'ఏదో ఒకటి' వేసి రాబడతారు. డాబా వేసేటప్పుడు పై అంతస్తు కోసం పిల్లర్ల మీద చువ్వలు వదిలేస్తాం కదా, బడ్జెట్ సిస్టమ్‌నూ అలాగే కట్టాలి. పునాది సరిగ్గా వేసి, నింపలేని స్లాట్లను ఖాళీగా వదిలేసినా నష్టం లేదు.

ఒక్క అక్షరం తేడా

ఏ పనికి కొంటున్నారన్నది తేలితే ప్రాసెసర్ దానంతటదే తేలుతుంది. టైపింగ్, ఆన్‌లైన్ క్లాసులు, లెక్కల పుస్తకాలు, కోడింగ్... వీటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. ఏఎండీలో ఆరు కోర్ల రైజెన్ 5 5600జీ, ఇంటెల్‌లో ఐ3-12100, ఐ5-12400 ఇలాంటివే. వాలరెంట్ వంటి తేలికపాటి ఆటలకు కూడా 5600జీ ఒక్కటే సరిపోతుంది.

ఇంటెల్ నంబరు చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. 12400ఎఫ్ కాస్త చవకగా దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా దాన్ని తెచ్చుకుంటే మానిటర్ మీద బొమ్మే రాదు. కార్డు కొనేవాళ్లకు కూడా నేను ఎఫ్ లేనిదే తీసుకోమంటాను. కార్డు పాడై సర్వీసుకు వెళ్లినన్నాళ్లూ పిల్లవాడి చదువు ఆగకుండా ఉంటుంది. ఎడిటింగ్ చేసేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్, ఫోన్‌తో తీసిన హెచ్.265 వీడియోను తడబడకుండా నడిపిస్తుంది. పెళ్లి వీడియోలు, యూట్యూబ్ పనులు చేసేవాళ్లు ఆ కాస్త తేడా ఇచ్చి ఎఫ్ లేనిది కొనడమే లాభం.

ఏఎండీ వైపు చిక్కు మరో రకం. 'ఇప్పుడు 5600జీ కొనండి, తర్వాత కార్డు వేసుకోండి' అన్నది అందరూ చెప్పే మాట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 5600జీలో ఎల్3 క్యాష్ 16 ఎంబీ, లోపల గ్రాఫిక్స్ లేని 5600లో 32 ఎంబీ. 5600జీ పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది, 5600 మాత్రం 4.0 ఇస్తుంది. ఆటల్లో రెండూ లెక్కకొస్తాయి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డు పీసీఐఈలో నాలుగు దారులే (లేన్లు) వాడుకుంటుంది కాబట్టి, 5600జీ పక్కన పెడితే కొన్ని ఆటల్లో నీరసించిపోతుంది. ఏడాదిలోపు కార్డు కొనే ఉద్దేశం నిజంగా ఉంటే 5600 తీసుకుని, అప్పటివరకు ఎవరిదైనా పాత కార్డు సర్దుబాటు చేసుకోండి. 'ఎప్పుడో చూద్దాం' అనుకుంటే 5600జీతో హాయిగా ఉండండి. మన ఇళ్లలో 'ఎప్పుడో' అంటే ఎప్పుడో తెలిసిందే కదా.

ర్యామ్‌కు రెక్కలు

2025 చివర్నుంచి ర్యామ్ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు చేసేది ప్రధానంగా మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు అడిగే ఖరీదైన మెమరీ వైపు ఈ మూడూ తమ ఉత్పత్తిని మళ్లించాయి. మనలాంటి వాళ్లు కొనే ర్యామ్‌కు కొరత వచ్చింది. దాదాపు మూడు దశాబ్దాలుగా ఇళ్లలోని కంప్యూటర్లకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మిన 'క్రూషియల్' బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కోటేషన్ మీద 'ఈ ధర ఇవాళ్టికే' అని రాస్తే అది బేరం కోసం ఆడే మాటే అనుకోకండి. నిజంగానే మారిపోతోంది.

ఇలాంటప్పుడు అటక మీది పాత సిస్టమ్‌ను ఒకసారి దించి చూడాలి. అందులో డీడీఆర్4 ర్యామ్ ఉంటే కొత్త సిస్టమ్‌లో సగం తలనొప్పి తీరినట్టే. 5600, 5600జీ కూర్చునే ఏఎండీ ఏఎం4 బోర్డులన్నీ డీడీఆర్4వే. ఇంటెల్ పన్నెండో తరం బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలూ ఉంటాయి. పెట్టె మీద చూసి కొనాలి. రెండింటికీ మధ్యలో గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకటి ఇంకోదానిలో దిగనే దిగదు. ఏఎండీ కొత్త ఏఎం5కి డీడీఆర్5 తప్ప గతి లేదు. ఆ వేదిక ఇంకా చాలాకాలం నడుస్తుందన్నది నిజమే. కానీ నేటి ర్యామ్ ధరల్లో బడ్జెట్ మనిషికి ఆ 'భవిష్యత్తు' బరువే.

ఒక 16 జీబీ స్టిక్కా, రెండు 8 జీబీలా? గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో కచ్చితంగా రెండు. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4-3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ దారి దొరుకుతుంది. రెండుంటే 51.2. ఆటలో ఈ తేడా కంటికే కనిపిస్తుంది. కార్డు ఉన్న సిస్టమ్‌లో మాత్రం ఒక్క 16 జీబీ స్టిక్ వేసి, రెండో స్లాటు ఖాళీగా ఉంచి, ధరలు దిగాక నింపుకోవచ్చు. ర్యామ్ బిగించాక బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేయడం మరవకండి. లేకపోతే 3200 అని డబ్బులిచ్చి కొన్న ర్యామ్ చాలాసార్లు 2133 దగ్గరో 2666 దగ్గరో కునుకు తీస్తూ ఉంటుంది.

డబ్బా మీది స్టిక్కర్

బడ్జెట్ కోటేషన్‌లో మొదటి కోత పడేది ఎస్ఎంపీఎస్ మీదే. 'క్యాబినెట్‌తో ఫ్రీ సార్' అంటారు. ఆ ఫ్రీ డబ్బాను చేతిలోకి తీసుకుని స్టిక్కర్ తిప్పి చూడండి. అందులో గళ్లు ఉంటాయి: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు. ఇప్పటి ప్రాసెసర్లు, గ్రాఫిక్స్ కార్డులు బతికేదంతా ఆ 12 వోల్టుల మీదే. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్‌లో ఆ గడిలో 45 ఆంపియర్ల దాకా కనిపిస్తుంది. పన్నెండుతో హెచ్చిస్తే 540 వాట్లు, అంటే చెప్పినంతా దాదాపు ఇస్తుంది. '450 వాట్లు' అని పెద్దక్షరాలతో ఉన్న ఫ్రీ డబ్బా మీద ఆ గడిలో 16 ఆంపియర్లు ఉంటే లెక్క 192 వాట్లే. ఆ డబ్బాతో మీరు 132 వాట్ల ఆర్ఎక్స్ 6600 కార్డు నడపాలనుకుంటే ముందు ఆ డబ్బానే పోతుంది. పోతూ పోతూ బోర్డునూ తీసుకుపోవచ్చు.

అలాగని 750 వాట్లూ అక్కర్లేదు. రైజెన్ 5600 పూర్తి బరువు మీద 76 వాట్ల చుట్టూ, ఆర్ఎక్స్ 6600 132, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు అన్నీ కలిపి ఇంకో 50. లెక్క 260 దాటదు. నిఖార్సయిన 550 వాట్లు ఉంటే రేపు ఇంకాస్త పెద్ద కార్డుకూ చోటుంటుంది. '80 ప్లస్ బ్రాంజ్' ముద్ర, కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది. లోపలి రక్షణ సర్క్యూట్ల సంగతి అది చెప్పదు. అందుకే ముద్రతో పాటు వారంటీ చూడండి. అయిదేళ్లు రాసిచ్చే కంపెనీకి తన డబ్బా మీద ఎంతో కొంత నమ్మకం ఉన్నట్టు.

ఇక్కడే ఇంటి కరెంటు సంగతి కూడా. సిస్టమ్ నడుస్తుండగా క్యాబినెట్ అంచు తాకితే వేలికి జివ్వుమనడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఇనుప బాడీలోకి వస్తుంది. ఎర్తు తీగ ఉంటే అది భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా ఆ బాడీ మీదే నిలుస్తుంది. మనకు చురుక్కుమని వదిలేసినా, మానిటర్ కేబుల్ పీకి పెట్టేటప్పుడు పోర్టులు కాలిపోవచ్చు. మూడో పిన్ను విరిచేసి టూ-పిన్ సాకెట్‌లో గుచ్చే అలవాటు మానాలి. గ్రాఫిక్స్ కార్డుకు వేలకు వేలు పోసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. యూపీఎస్ కూడా కొంటుంటే 600 వీఏ అంటే 600 వాట్లు అనుకోవద్దు. మామూలుగా అది 360 వాట్లే. అది ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి, ఆట కొనసాగించడానికి కాదు.

బోర్డు, ఎండ, బల్లి

బోర్డు కొనేటప్పుడు స్లాట్లు లెక్కపెట్టండి. ఇంటెల్ హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే. రెండు 8 జీబీలు వేశారంటే ఇల్లు నిండిపోయింది. రేపు పెంచాలంటే ఉన్నవి తీసి అమ్ముకోవాల్సిందే. ఏఎండీలో ఏ520 చవక, కానీ పీసీఐఈ 3.0తో సరి. బీ550 అయితే కార్డుకు, మొదటి ఎం.2 ఎస్ఎస్‌డీకి 4.0 ఇస్తుంది. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు ఉన్న బీ550 దొరికితే ఇంకోచోట కోసుకుని అయినా దానికే ఓటు వేస్తాను. 2018 నాటి బీ450 పాత స్టాకు తీసుకుంటే, రైజెన్ 5000ని గుర్తుపట్టేలా బయోస్ అప్‌డేట్ చేసి ఇమ్మని షాపులోనే అడగాలి. ఇంటికొచ్చాక తెల్లబోతే లాభం లేదు.

ఎస్ఎస్‌డీ గురించి ఒక్క మాట. ఎం.2 ఆకారంలో ఉన్నంత మాత్రాన వేగమైనది కాదు. సాటా రకమైతే సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఎన్‌వీఎంఈ పీసీఐఈ 3.0 అయితే 3,500 దాకా వెళ్తుంది. అంతకు మించిన వేగానికి మామూలు వాడుకలో డబ్బు పోయడం దండగ.

క్యాబినెట్‌లో అద్దాలు, లైట్లు చూసి మురిసిపోకండి. ముందువైపు జాలీ ఉందా లేదా చూడండి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది వేడి 40 డిగ్రీలంటే, 25 డిగ్రీల ఏసీ గదిలో పరీక్షించి చెప్పిన వేడికి ఇంకో పదిహేను కలుపుకోవాలి. 5600కు కంపెనీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు. ఆ దరిదాపులకు వెళ్తే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ముందు అద్దం బిగించిన క్యాబినెట్‌లో గాలికి దారే ఉండదు. జాలీ ఉంటే దుమ్ము వస్తుంది నిజమే, నెలకోసారి బ్రష్‌తో దులుపుకోవచ్చు. వెనక వాడని కార్డు స్లాట్ల రేకులు మాత్రం తీసేసి వదలకండి. ఆ సందుల్లోంచి బల్లి దూరి షార్ట్ సర్క్యూట్ అయిన బోర్డుకు ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు. నవ్వులాట కాదు, మన గోడల సంగతి మనకు తెలిసిందే.

బిగించడం అనుకున్నంత కష్టం కాదు. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక మధ్యాహ్నం చాలు. ఏఎం4 ప్రాసెసర్‌కు సూదుల్లాంటి పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి, ఇంటెల్‌కు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. ఎటువైపు ఉన్నా వేలు తగలకూడదు. ప్రాసెసర్ మూలన బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీదా అలాంటి గుర్తే ఉంటుంది. రెండూ కలిపి పెడితే దానంతటదే జారి కూర్చోవాలి. ఒత్తాల్సి వచ్చిందంటే తప్పు పెట్టినట్టు. ర్యామ్‌ను మాత్రం 'టక్'మనేదాకా ఒత్తాలి. 'డిస్‌ప్లే రావట్లేదు' అనేవాళ్లలో సగంమంది ఇక్కడ భయపడినవాళ్లే. మిగతా సగంమంది గ్రాఫిక్స్ కార్డు వేసి కూడా మానిటర్ తీగను బోర్డుకు గుచ్చినవాళ్లు.

మానిటర్‌కు డబ్బు మిగల్చండి. ప్రాసెసర్ మూడేళ్లకు పాతబడుతుంది గానీ, మంచి ఐపీఎస్ తెరను రెండు సిస్టమ్‌లు మారినా వాడుకోవచ్చు. నాసిరకం తెర మీద చిన్న సైజు తెలుగు అక్షరాల వత్తులు, గుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. చదివేది, రాసేది తెలుగైతే 24 అంగుళాల ఐపీఎస్ విలాసమేమీ కాదు.

సెకండ్ హ్యాండ్, బిల్లు

2022 సెప్టెంబరు 15న ఇథీరియం క్రిప్టో కరెన్సీ గ్రాఫిక్స్ కార్డులతో తవ్వకం అక్కర్లేని పద్ధతికి మారింది. దాన్ని తవ్వడానికి రాత్రింబవళ్లు నడిచిన గ్రాఫిక్స్ కార్డులన్నీ పాత బజారులో పడ్డాయి. ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాత కార్డు కొంటే ఎదురుగా ఓ అరగంట ఆట నడిపించి చూడండి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చెవి పెట్టి వినండి. కంపెనీలు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ డెస్క్‌టాప్‌లు మాత్రం చదువుకునే పిల్లలకు నిజంగా మేలైన బేరం. ఒకటే షరతు, ఎనిమిదో తరానికి తగ్గకూడదు. ఆరు కోర్ల ఐ5-8500 ఉన్నది దొరికితే వదలొద్దు. ఆ డబ్బాల్లో ఎస్ఎంపీఎస్, బోర్డు కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, మార్చడం కుదరదు. తర్వాత ఆటలు కావాలంటే విడిగా పవర్ తీగ అడగని 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీలో పొట్టి కార్డు వెతుక్కోవచ్చు.

కొత్తవి కొంటే బిల్లు తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే ఇంకో రెండు వేలు తగ్గిస్తా అన్నా" అనే మాట ప్రతి మార్కెట్లోనూ వినిపించేదే. విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. 50 వేల రూపాయల బిల్లులో 7,627 రూపాయలు పన్నే. ఆ బాధ నిజమే. కానీ పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు మూడేళ్లు, మంచి ఎస్ఎంపీఎస్‌కు అయిదేళ్లు ఉండే వారంటీ అడగాలంటే సర్వీస్ సెంటర్‌లో మొదట చూపించమనేది ఆ కాగితమే. బిల్లు మీద ప్రతి వస్తువు సీరియల్ నంబరు రాయించుకోండి. ఆన్‌లైన్ సెంటర్ లాంటి వ్యాపారం పెట్టుకునేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద తిరిగి రాబట్టుకునే వీలుంది. బిల్లు వద్దనుకుంటే వాళ్లు రెండు విధాలా నష్టపోతారు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఇప్పుడు కొనాలా, ధరలు దిగేదాకా ఆగాలా? చదువుకో, బతుకుతెరువుకో కావాలంటే ఆగొద్దు. డీడీఆర్4 బోర్డు, మంచి ఎస్ఎంపీఎస్ తీసుకుని, ర్యామ్ కాస్త తక్కువతో మొదలుపెట్టి మిగతా స్లాట్లు వదిలేయండి. ఆటల కోసమే అయితే ఉన్నదానితో ఇంకొన్నాళ్లు సర్దుకోండి. ర్యామ్ ధర దిగేదాకా ఆగినందుకు పోయేదేమీ లేదు.